ఆ పోస్టులో నేనే ఉన్నాను

ఐటీఐలో కంప్యూటర్ కోర్సు పాసయ్యాక నన్ను ఏడాది అప్రెంటిస్‌షిప్‌కు ఒక మునిసిపల్ ఆఫీసుకు పంపారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. ఏ ఊరో చెప్పను, అక్కడ నన్ను గుర్తుపట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. మైదుకూరులో మా నాయనకు పసుపు, ధనియాల అంగడి. పొద్దున బస్సెక్కి పోయి సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేదాన్ని. నాయన ఒకే షరతు పెట్టాడు.

"సంవత్సరం పో. ఆ పైన వాళ్ళు ఉద్యోగంలో పెట్టుకుంటే పోతా ఉండు. పెట్టుకోలేదా, వచ్చి అంగట్లో కూచో. ఈడ గూడా మనిషి కావాల."

నాయన మాటంటే మాటే. అంగడి చెడ్డదేమీ కాదు గానీ, ఆ పసుపు ఘాటులో గల్లాపెట్టె ముందు బతుకంతా గడపడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. ఎట్లాగైనా ఆ ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకోవాలి, అంతే.

ఆఫీసు మొత్తానికి ఒకే కంప్యూటరు. దాని గదికి తెర, లోపల ఏసీ. మనుషులెవరికీ లేని ఏసీ దానికుండేది. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. గుళ్ళోనన్నా ప్రసాదం పెడతారు, ఇక్కడ అదీ లేదు. ఉన్న టైపిస్టు రిటైరై చాలా కాలమైంది, ఆ పోస్టు అట్లాగే పడి ఉంది. నాకు పని నేర్పేవాళ్ళెవరూ లేరు. వచ్చిన వారంలోనే ఆఫీసు టైపింగంతా నా నెత్తిన పడింది. నేర్చుకోవడానికని వచ్చి, నాకు నేనే నేర్పుకున్నాను.

నెలాఖరుకు పై ఆఫీసుకు సిబ్బంది స్టేట్‌మెంట్ పోవాలి. మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నవాళ్ళెందరు, ఖాళీలెన్ని అని మూడు కాలమ్‌లు. మొదటి నెల టైపిస్టు దగ్గర ఖాళీ ఒకటి అని కొట్టి ఆఫీసు మేనేజరుకు చూపించాను. ఆయన మంచివాడే, ఒక్కనాడూ గొంతు పెంచి ఎరగడు. కాగితం చూసి కళ్ళద్దాలు పైకి జరుపుకున్నాడు.

"ఏమ్మా, నువ్వు ఈడ కూచోని టైపు కొడతాండావా లేదా?"

"కొడతాండా సార్."

"మరి ఖాళీ యాడుండాది?"

ఆయనే విడమరిచి చెప్పాడు. ఖాళీ చూపిస్తే పైనుంచి మెమో వస్తుందట, ఎందుకు ఖాళీ, ఏం చేస్తున్నారు అని. దానికి జవాబు రాయాలి, ఆ జవాబు మీద ఇంకో మెమో. ఆ బాధ పడలేక ఆ ఆఫీసులో ఎప్పటి నుంచో ఒక పద్ధతి పెట్టుకున్నారు. నీళ్ళ పంపు దగ్గర అప్రెంటిస్ ఉంటే పంపు ఆపరేటరు పోస్టు నిండినట్టే. నేనుంటే టైపిస్టు పోస్టు నిండినట్టే. ఐటీఐకి పంపే కాగితంలో మాత్రం నేను అప్రెంటిస్‌నే. ఆయన చెప్పినట్టు ఆ ఒకటిని ఖాళీల్లోంచి తీసి పనిచేస్తున్నవాళ్ళ కాలమ్‌లో కొట్టాను. అబద్ధమెందుకు, నాకు సంతోషమే అయింది. టైపిస్టుగా లెక్కలోకి వచ్చేశాను, ఇక వీళ్ళు నన్ను వదలరు అనుకున్నాను. పిచ్చిదాన్ని.

నెలనెలా అదే ఒకటి కొడుతూ పోయాను. ఏడాది చివరికొస్తుండగా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. టైపిస్టు లేని మునిసిపాలిటీల్లో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటర్లను పెట్టుకోవచ్చు, అక్కడే పనిచేసిన అప్రెంటిస్‌లకు ముందు అవకాశం ఇవ్వాలి. ఆ సాయంత్రం బస్సులో సీటు దొరక్కపోయినా ఇంటిదాకా నవ్వుకుంటూ నిలబడ్డాను. నాయన "రానీ, చూస్తాం" అన్నాడు గానీ, మర్నాడే అంగట్లోకి వేరే మనిషి కోసం వెతకడం మొదలుపెట్టాడు.

కొన్నాళ్ళకు ఊళ్ళ జాబితా వచ్చింది. అందులో మా మునిసిపాలిటీ లేదు. కాగితం పట్టుకుని పరుగున మేనేజరు గదికి పోయాను.

"మన ఊరు లేదు సార్. మరిచిపోయినారేమో."

"మరిచిపోలేదమ్మా. మనకు ఖాళీ లేదు కదా."

"టైపిస్టు పోస్టు ఖాళీనే కదా సార్?"

"ఆ పోస్టులో నువ్వుండావు కదమ్మా," అన్నాడాయన.

గొంతులో వెటకారం లేదు. అదే నాకు మరింత కోపం తెప్పించింది. ఎకసెక్కానికి అని ఉంటే నేనూ నాలుగు మాటలు అనేసి పోయేదాన్ని. అప్రెంటిస్‌ను లెక్కలో కలిపేశామని ఒక ముక్క రాసి పంపండి సార్ అని బతిమాలాను.

"ఇప్పుడట్ల రాస్తే ఏడాదంతా తప్పు చూపిచ్చినట్లయితాది తల్లీ. నా మీదికొస్తాది. రిటైరు గాబోతాండా, నన్ను ఇడ్సిపెట్టు."

ఆయన భయం ఆయనది. నేను బయటికొచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నారని కూడా పట్టించుకోలేదు.

నా ఆఖరి రోజున కొత్త అప్రెంటిస్ వచ్చింది. ఓర్వకల్లు దగ్గర పల్లెటూరి పిల్ల, ఇక్కడి చిన్నమ్మ ఇంట్లో ఉండి ఐటీఐ చదివింది. స్టేట్‌మెంట్ ఎట్లా కొట్టాలో ఆ పిల్లకు చూపించి పొమ్మన్నాడు మేనేజరు. పక్కన కూర్చోబెట్టుకుని వరుసగా చెప్పుకుంటూ వచ్చాను. టైపిస్టు దగ్గర ఆ పిల్ల కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి ఆపింది.

"ఈ ఒకటి ఎవురక్కా?"

"ఈ పొద్దు దాకా నేను. రేపట్నుంచి నువ్వు."

"అంటే నాకు ఉద్యోగమొచ్చినట్లేనా?"

"రానట్లు," అన్నాను. నాకు జరిగిందంతా చెప్పాను. విని, "మరి ఇప్పుడు నువ్వేం చేస్తావక్కా?" అంది. మా నాయన అంగట్లో కూర్చుంటానన్నాను.

ఆ పిల్ల కీబోర్డు మీది నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే ఆ ఒకటి నేను కొట్టనక్కా," అంది.

అంత చిన్న మాట. ఏడాది పొడుగునా ఆ మాట అనొచ్చని నాకు తోచనే లేదు.