దారి తప్పిన రెండు గడియారాలు

మొన్న టేకులపల్లి దాటాక అడవి మలుపులో, ఫోన్‌లో దారి చూపించే నీలిచుక్క ఉన్నట్టుండి ఆగిపోయింది. వెంటనే కదిలింది గానీ, ఈలోపే నా అరచేతులకు చెమట పట్టి స్టీరింగు జారింది. అరవై దాటినవాడు చుక్క ఆగితే భయపడటమేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ఆ చుక్కనే నమ్ముకుని ఒకసారి మా అక్కను వెనక సీట్లో పడుకోబెట్టుకుని వెళ్లాను.

అక్క వాళ్ల ఊరు ములకలపల్లి అవతల. ఆ వానాకాలం కట్టెల కుప్పలో చెయ్యి పెడితే నాగుపాము కాటేసింది. వాగు పొంగి రోడ్డు మునిగింది, అంబులెన్సు అవతలి గట్టునే ఆగిపోయింది. చూడ్డానికి వచ్చిన నేను కారుతో ఇవతలే ఉన్నాను, అడవిలోంచి చుట్టుదారి ఒక్కటే మిగిలింది. సెలవుకు వచ్చిన మేనకోడలు ఫోన్ నా ముందు తగిలించి, వెనక కూర్చుని తల్లి తలను ఒళ్లో పెట్టుకుంది. పాము కరిచినవాళ్లను నిద్రపోనివ్వకూడదని మా వైపు గట్టి నమ్మకం, ఏదో ఒకటి మాట్లాడిస్తూనే ఉండాలి. ఆ పిల్ల ఏడుపు ఆపుకోవడంలోనే ఉంది. చివరికి అక్కే అందుకుంది.

"నీ కొలువేందో ఇన్నేండ్లాయె, నాకు చెప్పకపోతివి. ఇప్పుడన్న చెప్పు బిడ్డా."

మేనకోడలు హైదరాబాదులో ఉపగ్రహాల గడియారాల మీద పరిశోధన చేస్తోంది. కళ్లు తుడుచుకుని మొదలుపెట్టింది. "భూమికి దగ్గరున్న గడియారం నిదానంగ నడుస్తదమ్మా. పైకి పోయినకొద్దీ జల్దీ నడుస్తది." దారి చూపించే ఉపగ్రహాలు రెండు, ప్రయోగంలోనే దారి తప్పి కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో పడ్డాయట. ఒకసారి భూమికి దగ్గరగా వస్తాయి, ఒకసారి దూరంగా పోతాయి. ఎత్తు మారినప్పుడల్లా గడియారం నడక మారుతుందా అని ఆ రెండింటితోనే పరీక్ష పెట్టారట. లెక్క చెప్పినంతే మారిందట. ఆ తేడా సరిచేయకపోతే ఫోన్‌లో చుక్క కిలోమీటర్ల కొద్దీ పక్కకు పోతుందని కూడా చెప్పింది. ఈ ముక్క ఇప్పుడే చెప్పాలా తల్లీ అనుకున్నాను. అద్దం మీద వాన, ఎటు చూసినా ఒకేలా ఉన్న టేకుచెట్లు, నాకున్న ఆధారమల్లా ఆ చుక్కే.

అక్కకు ఆ బెంగ లేదు. "గట్లయితే పైనున్నోళ్లు మనకన్న ముందుగాల ముసలోళ్లయితరా?"

"అవ్ అమ్మా, రవ్వంత."

"మీ నాయన పోయి గిన్నేండ్లాయె. పండుముసలోడై ఉంటడు."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తికాకముందే మేనకోడలు "అమ్మా! అమ్మా!" అని అరిచింది. అక్క రెప్పలు వాలిపోయాయట, మాట లేదు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం నాకు లేకపోయింది. మేనకోడలు మాత్రం ఆపలేదు. తల్లి వింటోందో లేదో తెలియకుండానే, ఏడుస్తూ, ఆ గడియారాల సంగతే మళ్లీ మొదటినుంచి చెప్పుకుంటూ పోయింది. నేను చుక్కను చూస్తూ పోయాను. అంత భయం నేనెప్పుడూ ఎరగను.

పెద్ద దవాఖానాలో విరుగుడు మందు ఎక్కించారు. గొంతులో గొట్టం తీశాక అక్క మొదట అడిగింది కూతురినే.

"దారి తప్పినయి అంటివి గదా, ఆ రెండు ఇల్లు చేరినయా బిడ్డా?"

మేనకోడలు తల్లి అరచేతిలో ముఖం దాచుకుని "చేరినయమ్మా" అంది. అవి ఇంకా పైనే తిరుగుతున్నాయని తర్వాత వరండాలో నాకు చెప్పింది.

నేలకు దగ్గరైన కొద్దీ కాలం నిదానిస్తుందని తేల్చడానికి వాళ్లకు ఆకాశంలో గడియారాలు కావలసివచ్చాయి. నాకైతే అక్క మాట ఆగిన చోటు నుంచి దవాఖానా గేటు దాకా ఉన్న ఆ అడవి దారే చాలు.