పరదేశి ఎడమ చెవి

చోడవరంలో మాడుగుల రోడ్డు మీద మోటార్ల వైండింగు షాపు పరదేశిది. ఊరికే పేరు చెబితే సరిపోదు, "ఏ పరదేశి? సెవి పరదేశా?" అని ఎదురు అడుగుతారు. ఆ బిరుదు ఏ సన్మాన సభలోనూ ఇచ్చింది కాదు. చెరకు తోటల్లోనూ వరి మళ్ళ గట్ల మీదా ముప్పై రెండేళ్ళు మోటార్లు చూసి చూసి సంపాదించుకున్నది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని తిరుగుతున్న మోటారుకి ఆనించి, పిడిని ఎడమ చెవికి నొక్కిపెట్టి కళ్ళు మూసుకుంటాడు. కుడి చెయ్యి స్విచ్చి మీద ఉండాలి కాబట్టి ఎప్పుడూ ఎడమ చెవే. పది లెక్కపెట్టే లోపు కళ్ళు తెరిచి, "ఎనకాల బేరింగు. ఇంకో వారం లాగుతాది, అంతే," అంటాడు. విప్పి చూస్తే వెనకాల బేరింగే. మిగతా మెకానిక్కులు మోటారంతా విప్పి నేల మీద పరుచుకుని, తల గోక్కుని, ఆ తర్వాత చెబుతారు. వాళ్ళనని ఏం లాభం? దేవుడు అందరికీ ఒకే రకం చెవులు పెట్టలేదు.

పగలంతా మోటార్ల గోల వినేవాడికి సాయంత్రానికి ఒక మంచి చప్పుడు కావాలి కదా. పరదేశికి సన్నాయి మేళమంటే ప్రాణం. దానికోసం ముందు గదిలో ఒక్కొక్క వస్తువే సమకూర్చుకున్నాడు. క్యాసెట్టు పెట్టె పోయి సీడీ ప్లేయరు వచ్చింది. చిన్న ఆంప్లిఫయరు పోయి, ఇద్దరు మోస్తే గానీ కదలని పెద్దది వచ్చింది. స్పీకర్లు మాత్రం మామిడి చెక్కతో తనే కొట్టుకున్న పాత పెట్టెలే. ఇరవై ఏళ్ళు వాటితోనే సరిపెట్టుకున్నాడు. ఆ పెట్టెల్లో సన్నాయి బాగానే పలికేది, డోలు బాగానే మోగేది. తాళాలు మాత్రం చాటలో ఇసక పోసినట్టు వినిపించేవి. రికార్డింగే అంత అనుకుని ఊరుకున్నాడు.

రాగి తీగ కొనడానికి విశాఖపట్నం వెళ్ళినప్పుడు ఒకసారి, తన సీడీ జేబులో పెట్టుకుని, ఖరీదైన స్పీకర్లు అమ్మే షాపులోకి ధైర్యం చేసి అడుగుపెట్టాడు. అతని చొక్కా మీద గ్రీజు మరక చూసి లోపలి కుర్రాడు "ఏసీ బాగుచెయ్యడానికి వచ్చారా?" అన్నాడు. "కాదు బాబూ, పాట వినడానికొచ్చేను," అన్నాడు పరదేశి. సోఫాలో కూర్చోబెట్టి, ఛాతీ ఎత్తున్న రెండు స్పీకర్ల మీద ఆ సీడీ వేశారు. సన్నాయికి కాస్త వెనక, ఎడమవైపు, ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. అతని చేతుల్లో కంచు తాళాలున్నాయి. ఒక్కొక్క దెబ్బ పడ్డాక ఆ మోత సన్నగా సాగి, తర్వాతి దెబ్బ దాకా ఆరిపోకుండా నిలబడుతోంది. పరదేశికి కళ్ళ నీళ్ళు ఆగలేదు. పాపం, ఆ మనిషి ఇరవై ఏళ్ళుగా తన ఇంట్లో ఒళ్ళు దాచుకోకుండా తాళం వేస్తుంటే, తను ఒక్కనాడూ వినిపించుకోలేదు.

ఆ రోజునుంచి రెండేళ్ళు అదే ధ్యాస. రెండేళ్ళయ్యాక ఆ జతే కొన్నాడు. ఎంతయిందో భార్య అచ్చియ్యమ్మకి చెప్పలేదు. అడిగితే ఎక్కడ చెప్పేస్తాడోనన్న భయంతో ఆవిడా అడగలేదు. షాపు యజమాని మాత్రం ఒకటికి రెండుసార్లు హెచ్చరించి పంపాడు. "ముందున్న గుడ్డ ముసుగు తియ్యకండి. లోపల పైనుండే చిన్న ట్వీటరు, సన్నటి మోతలు పలికేది, పట్టుగుడ్డతో చేసింది. వేలు తగిలినా పాడైపోతుంది." పరదేశి బుద్ధిగా తల ఊపాడు.

స్పీకర్లు వ్యానులో దిగిన రోజున వీధిలో సగం మంది గుమ్మంలోనే ఉన్నారు. అచ్చియ్యమ్మ ఊరుకుంటుందా? ఆ ఇంట్లోకి వచ్చిన మిక్సీకీ ఫ్రిజ్జుకీ బండికీ జరిగిన మర్యాద వీటికి మాత్రం జరగొద్దూ? పరదేశి వెనక కూర్చుని వైర్లు బిగిస్తుంటే, ఆవిడ ముందు నిలబడి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చింది. అన్నీ అయ్యాక పరదేశి తన కుర్చీ తెచ్చి సరిగ్గా మధ్యలో వేసుకుని, సీడీ పెట్టి, కళ్ళు మూసుకున్నాడు.

సన్నాయి లేచింది. ఇల్లంతా నిండింది. "అబ్బో!" అన్నారు గుమ్మంలో వాళ్ళు. పరదేశి ముఖంలో మాత్రం నవ్వు నిలవలేదు. కుడివైపు ఉన్నవన్నీ వెన్నెల్లో పెట్టినట్టు స్పష్టంగా ఉన్నాయి. ఎడమవైపు తాళాలవాడు లేడు. ఉన్నాడేమో, దుప్పటి కప్పుకుని ఉన్నాడు. పరదేశి తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ముందుకు వంగాడు.

"ఎడం పక్కది మూగగా ఉందిరా," అన్నాడు చివరికి.

పక్కనే ఉన్న బావమరిది గణపతిరావు ఫక్కున నవ్వాడు. అచ్చియ్యమ్మకి తమ్ముడు. పెళ్ళిళ్ళకీ ఊరేగింపులకీ సౌండు బాక్సులు అద్దెకిస్తాడు. బాక్సుల విషయంలో తన మాటే చివరి మాటని అతని నమ్మకం. "ఏటి మూగ బావా? రెండూ ఒకలాగే గణగణమంతన్నాయి. ముప్పై ఏళ్ళు మోటారుకి ఆనించి ఆనించి నీ ఎడం సెవే పోయింది," అన్నాడు.

ఆ మాట అక్కడితో ఆగితే బాగుండేది. గణపతిరావు నోట్లో మాట కూడా అతని బాక్సుల్లాంటిదే, ఊరంతటికీ వినిపించాల్సిందే. టీ కొట్టు దగ్గర చెప్పాడు, బస్సుల దగ్గర చెప్పాడు, సరదాగానే చెప్పాడు. నాలుగో రోజుకి బుచ్చయ్యపేటనుంచి దాసు అనే రైతు ఆటోలో మోటారు వేసుకొచ్చి, షాపు ముందు ఆపి, దించకుండా నిలబడ్డాడు.

"పరదేశన్నా, నీకు సెవి సరిగా వినపడతన్నాదా?" అని నసిగాడు. "మరేటీ అనుకోకు. బోరు మోటారు కదా, రెండోసారి పైకి లాగే ఓపిక నేదు."

పరదేశి చెయ్యి దానంతటదే ఎడమ చెవి మీదికి పోయింది. దాసు అది చూసి, "పోనీలే, ఆదివారం ఇటొస్తాను, అప్పటికి సూద్దాం," అని ఆటో తిప్పించుకుని వెళ్ళిపోయాడు. ముప్పై రెండేళ్ళలో ఆ షాపు గుమ్మందాకా వచ్చిన మోటారు దిగకుండా వెనక్కి పోవడం అదే మొదలు.

నిజం చెప్పాలంటే ఆ నాలుగు రోజులూ పరదేశి కూడా భయపడే ఉన్నాడు. లోపం చెవిలో ఉందో స్పీకర్లో ఉందో తేల్చడం అతనికి ఎంత పని? ఇంకొకడి మోటారైతే రెండు నిమిషాల్లో తేల్చేవాడు. కానీ తేల్చాక, చెవే అని తేలితే? చెవి లేని చెవి పరదేశి ఏం చేసుకు బతుకుతాడు? అందుకే నాలుగు రోజులు ఆ గది గడప తొక్కలేదు. మగాడు, మెకానిక్కు, యాభై ఎనిమిదేళ్ళవాడు, పరీక్షకి భయపడే బడిపిల్లాడిలా తప్పించుకు తిరిగాడు.

దాసు ఆటో మలుపు తిరగగానే పరదేశి షట్టరు సగం దించి ఇంటికి నడిచాడు. మిట్టమధ్యాహ్నం. అచ్చియ్యమ్మ పెరట్లో ఉంది. సీడీ పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. ఎడమవైపు మూగగానే ఉంది. లేచి, కుర్చీని వెనక్కి తిప్పి, స్పీకర్లకి వీపు పెట్టి కూర్చున్నాడు. లోపం చెవిదైతే మూగతనం ఎడమ చెవి దగ్గరే ఉండిపోవాలి. స్పీకరుదైతే కుడి పక్కకి రావాలి. అంతే పరీక్ష. కళ్ళు మూసుకోవడానికి కూడా ధైర్యం చాలక గోడనే చూస్తూ కూర్చున్నాడు.

మూగతనం కుడి పక్కకి వచ్చింది.

ఎడమ చెవిలోకి శుభ్రంగా, గీత గీసినట్టు, అవతలి స్పీకరు మోత దిగుతోంది. పరదేశి కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "ఒసే! నా సెవి బాగుందే! సెవి బాగుంది!" అని పెట్టిన కేకకి అచ్చియ్యమ్మ చేతిలో బట్టలు పారేసి పరిగెత్తుకొచ్చింది.

ఇక మెకానిక్కు పని మెకానిక్కు మొదలుపెట్టాడు. వైర్లు అటుదిటూ ఇటుదటూ మార్చాడు. మూగతనం ఆ పెట్టెని వదల్లేదు. అయితే రోగం పెట్టె లోపలే. షాపు యజమాని హెచ్చరిక గుర్తున్నా, ఇప్పుడు తియ్యక తప్పదని, ఊపిరి బిగబట్టి ముసుగు ఊడదీశాడు.

పైనున్న చిన్న ట్వీటరు మీద, పట్టుగుడ్డ బుడిపె నిండా పసుపు. నట్టనడుమ రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. ఎండి, పెచ్చు కట్టి, చూడముచ్చటగా ఉంది.

అచ్చియ్యమ్మ ముఖం పాలిపోయింది. "నానే మావా," అంది. "గుడ్డ మీద పెడితే మరకవుద్దని, ముసుగు తీసి నుదుటిమీద పెట్టేను. రెండోదానికీ పెడదామంటే దాని ముసుగు బిగిసిపోయి రానేదు, సెక్కకే పెట్టేసేను. పాడైపోయిందేటి? అంత ఖరీదు వస్తువు..." ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

పరదేశి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి గోడకి జారగిలబడ్డాడు. బొట్టు పెట్టినందుకు కోప్పడతాడా? చెవి పోలేదన్న సంతోషంలో ఆ పూట రెండు స్పీకర్లూ వీధిలో పారేసినా కోప్పడేవాడు కాదు. "ఏడవకే పిచ్చిదానా. ఇంకే పూజకీ ఇంత ఫలితం రానేదు," అన్నాడు.

తుడవాలంటే తన చేతుల మీద అతనికి నమ్మకం లేదు. రాగి తీగ లాగి లాగి కాయలు కాసిన వేళ్ళు అవి. "నువ్వే తియ్యి," అని అచ్చియ్యమ్మకి కోడి ఈక ఇచ్చాడు. ఆవిడ స్పీకరు ముందు మఠం వేసుకుని, ఈక కొసతో, నిద్రపోతున్న పసిబిడ్డ కంటి మీద నలుసు తీసినట్టు, పొడి పొడిగా రాల్చింది. నొక్కలేదు, తడి తగలనివ్వలేదు. ముప్పావుగంట పట్టింది. పట్టుగుడ్డ మీద లేత పసుపు ఛాయ ఒక్కటే మిగిలింది.

పరదేశి సీడీ పెట్టాడు. ఎడమవైపు, సన్నాయికి కాస్త వెనక, తాళాలవాడు దుప్పటి తీసి కూర్చున్నాడు. మొదటి దెబ్బ పడగానే పరదేశి ఒళ్ళు జల్లుమంది. భార్య చెయ్యి పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టి తను నేల మీద కూర్చున్నాడు. మేళం ముగిసేదాకా ఇద్దరూ విన్నారు.

ఆదివారం పొద్దున్న గణపతిరావుని కబురెట్టి పిలిపించాడు. అప్పటికే మోటారుతో సహా వచ్చిన దాసు గుమ్మంలో కూర్చున్నాడు. జరిగింది విని గణపతిరావు నమ్మలేదు. "నువ్వెన్ని సెప్పినా నానొప్పను. పరీక్ష పెడతాను," అన్నాడు. పరదేశి సీడీ పెట్టి, కుర్చీలో కూర్చుని, తువ్వాలు కళ్ళకి కట్టుకున్నాడు. గణపతిరావు మడత దుప్పటి తీసుకుని చప్పుడు చెయ్యకుండా స్పీకర్ల దగ్గరికి వెళ్ళాడు. ఏది కప్పాడో పరదేశి చెప్పాలి.

"ఎడం పక్కది," అన్నాడు పరదేశి. నిజమే.

"ఇప్పుడు కుడి. మళ్ళీ కుడే. ఇప్పుడు ఎడం." అన్నీ నిజమే. దాసు తొడ చరిచాడు. గణపతిరావు పట్టుదల పెరిగి, ఇంకో దుప్పటి కూడా తెచ్చాడు.

"ఒరే దొంగా, రెండూ కప్పేసేవు!"

దాసు లేచి నిలబడి ఈల వేశాడు. అచ్చియ్యమ్మ చేతులు తట్టింది. పరదేశి కళ్ళకి కట్టిన తువ్వాలు విప్పి మీసం దువ్వుకున్నాడు. దాసు అప్పటికే బయటికి నడిచి, "మోటారు దించీరా బాబూ," అని ఆటోవాడికి చెబుతున్నాడు. "ఇంక ఈ మనిషి సెవికి తిరుగు నేదు. కప్పగానే తాళాలు మాయమైపోతన్నాయి. నాకే తెలిసిపోతంది కదా, అన్నకి తెలీదేటి?"

గణపతిరావు మాత్రం దుప్పట్లు రెండూ తీసి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"బావా," అన్నాడు. గొంతులో ఎప్పుడూ ఉండే హోరు లేదు. "నాకేటీ తేడా తెలీనేదు. కప్పినా ఒకలాగే ఉంది. తీసినా ఒకలాగే ఉంది."

పరదేశి అతన్ని తెచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. కుర్చీని ఎడమ స్పీకరుకి జానెడు దూరం దాకా జరిపాడు. తాళాలు గది గోడలకి తగిలేంత గట్టిగా మోగుతున్నాయి. పెళ్ళి బాక్సుల పక్కన పాతికేళ్ళు నిలబడిన గణపతిరావు తల వంచి విని విని, అక్కవైపు చూశాడు.

"ఎక్కడక్కా తాళాలు?" అన్నాడు.

అచ్చియ్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఊరంతా తిరిగి తనని చెవిటివాడిని చేసిన మనిషి మీద పరదేశికి ఆ క్షణంలో కోపం వెతుక్కున్నా దొరకలేదు. భుజం మీద చెయ్యి వేశాడు.

"రేపు మొదటి బస్సుకి విశాఖపట్నం ఎల్దాం. సెవుల డాక్టరుకి సూపిద్దాం. నీతో నానొస్తాను."

"మరి నీ షాపు? మోటార్లొస్తాయి కదా బావా?"

"రానీ, ఆగుతాయి," అన్నాడు పరదేశి. "నా సెవి ఎక్కడికీ పోదు."