భూదేవికి ఇచ్చిన సీటు

ఇంట్లో భూదేవి నేల మీద కూర్చునేది. కారులో నేల లేదు కాబట్టి డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. ఆ డ్రైవర్ని నేనే.

రామాంజనేయులు సారు యూనివర్సిటీ ఆఫీసులో పెద్ద అధికారి. క్యాంపస్ క్వార్టర్స్‌లో ఇల్లు. అధికారి డ్రైవరు పక్కన కూర్చోడు. ఆయన భార్య పద్మావతమ్మ పనిమనిషి పక్కన కూర్చోదు. కూతురు తేజస్వి తల్లిని వదిలి కూర్చోదు. ముగ్గురూ వెనక సర్దుకున్నాక మిగిలేది ముందు సీటు. అందులో భూదేవి, ఆమె ఒళ్లో తేజస్వి కొడుకు, పది నెలల పసివాడు. ఇంట్లో అందరికన్నా గారాబం వాడికే. కారులో అందరికన్నా ముందు దెబ్బ తగిలే చోటూ వాడిదే.

పిల్లల సీటు లేక కాదు. తేజస్వి కొన్నది, నేను వెనక బిగించాను కూడా. "మోకాళ్లు చాపుకునేదానికి లేదు, ఇదేం సింహాసనమే" అని పద్మావతమ్మ తీయించింది. అప్పటినుంచి దాన్ని వరండాలో పెట్టి పిల్లవాడికి జావ తాగిస్తున్నారు.

భూదేవిది జనగామ పక్క పల్లె. బోర్లు వేసి వేసి పొలం పోయాక మొగుడితో బౌద్ధనగర్ చేరింది. అతనిది సెంట్రింగ్ పని, ఆమెది పిల్లల్ని చూసుకునే పని. చదువు లేదు, నోరుంది. "మీ పిల్లలు నా సంకల పెరుగుతరు, నా పిల్లలు మట్టిల పెరిగిన్రు" అని పద్మావతమ్మ మొహం మీదే అనేది.

ఒక ఆదివారం నల్లకుంటలో చుట్టాలింటికి పోతుంటే తార్నాక దగ్గర రాంగ్ రూటులో బైకు అడ్డొచ్చింది. బ్రేకు కొట్టాను. పసివాడి నుదురు డ్యాష్‌బోర్డుకు తగిలి బొప్పి కట్టింది.

"చేతుల్లో పట్టు లేదా ఏమ్మే నీకు? తిండి తినడం లేదా?" అంది పద్మావతమ్మ.

బైకువాణ్ణి ఎవరూ తిట్టలేదు. నన్నూ తిట్టలేదు.

చుట్టాలింటి ముందు వాళ్లు పిల్లవాణ్ణి తీసుకుని దిగిపోయాక, భూదేవి ఎండకు అడ్డంగా పైనున్న పలక దించింది. దాని మీద ఒక స్టిక్కరు.

"శ్రావణూ, గీ బొమ్మ ఏంది? పసిపిల్లగాని మీద ఎర్రగ కొట్టేసిన్రు."

చెప్పాను. కారు గుద్దుకుంటే ముందునుంచి ఒక సంచి పేలినట్టు ఉబ్బి వస్తుందని, పెద్దవాళ్లను కాపాడే ఆ సంచే ఒళ్లో ఉన్న పసివాణ్ణి చంపగలదని. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టో, వాళ్ల సీటో ఉండాలని చట్టం ఉందని, లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా అని కూడా చెప్పాను.

"అంటే నేను పిల్లగాన్ని అడ్డం పెట్టుకొని కూసుంటున్ననా?" అంది. "సారుకు ఎరుక లేదా?"

"కారు కొన్ననాడే పుస్తకం ఇచ్చిన్రు అక్కా."

"మరి?"

"మరేంది. ఆయన సీటు ఆయనకు మంచిగనే ఉన్నది గదా."

తర్వాతి ఆదివారం ముగ్గురూ వెనక ఎక్కారు. భూదేవి పిల్లవాణ్ణి ఎత్తుకుని మెట్ల మీదే నిలబడింది.

"ఎక్కు, లేటయితాంది," అంది పద్మావతమ్మ.

"వరండాల సీటున్నది గదమ్మా. అది తెచ్చి ఎనక కట్టుండ్రి. సారు ముందటికొస్తే సరిపోతది."

సారు ఆమె వైపు చూడలేదు. నా వైపు చూశాడు. "ఏంరా, నువ్వు చెప్పిచ్చినావా?"

"గా పోరడు చెప్పియ్యాల్నా సారూ? నాకు నోరు లేదా?"

"పిల్లోణ్ణి ఇట్లియ్యి," అంది పద్మావతమ్మ.

"ఇయ్య. సీటు కట్టినంక ఇస్త."

పక్క క్వార్టర్లో కిటికీ తెరుచుకుంది. చివరికి కదిలింది తేజస్వి. కారు దిగి, వరండాలోంచి జావ మరకలు ఎండిపోయిన సీటు తెచ్చింది. వెనక్కి తిరిగి ఉండేలా బిగించాను. భూదేవి పిల్లవాణ్ణి అందులో పడుకోబెట్టి, పట్టీ తగిలించి, పక్కకు తప్పుకుంది. సారు ముందుకొచ్చి తలుపు విసిరికొట్టాడు. కారులో ఇక ఆమెకు చోటు లేదు. అది ఆమెకు ముందే తెలుసు.

సోమవారం భూదేవికి ఫోను చేసి పనికి రావద్దన్నారు.

పిల్లల సీటు మాత్రం కారులోనే ఉంది. సారు మళ్లీ వెనక్కి చేరాడు, ముందు తేజస్వి కూర్చుంటోంది. కారు తుడుస్తుంటే పద్మావతమ్మ పక్కింటావిడతో అనడం విన్నాను: "మా తేజస్వి శానా స్ట్రిక్టు. చట్టముందంట, పిల్లోణ్ణి ఒళ్లో పెట్టుకోనియ్యదు." ఆ నోటితోనే, భూదేవి పిల్లవాణ్ణి ఇవ్వనని పట్టుకుని బెదిరించిందని క్వార్టర్స్ అంతా చెప్పింది. ఇప్పుడు ఆమెను పిల్లల పనికి ఎవరూ పిలవడం లేదు.

మొన్న బౌద్ధనగర్ వెళ్లాను. భూదేవి ఎవరింటి గుమ్మంలోనో అంట్లు తోముతోంది.

"పిల్లగాడు సీటుల కూసుంటుండా?"

"కూసుంటుండు."

"ఎవరు చెప్పిన్రంటున్నరు?"

"తేజస్వమ్మ చెప్పిందంటున్నరు. నువ్వు మాత్రం పిల్లగాన్ని ఎత్కపోయేదానివంటున్నరు."

చేతిలో గిన్నె కింద పెట్టింది.

"పద్మావతమ్మ నడకకు ఎప్పుడు పోతది?"

"పొద్దుగాల. ఆర్ట్స్ కాలేజీ ముంగట."

"నలుగురుంటరా?"

"శానమంది ఉంటరు."

"మంచిది," అంది భూదేవి.