ఒక నంబరు, ముప్పై ఒక్క పేర్లు

ఆపా పోయిందని శుక్రవారం పొద్దున ఆమె చిన్న కొడుకు ఫోన్ చేశాడు. నేను బోనకల్ స్టేషన్‌లో ఖమ్మం బండి కోసం నిలబడి ఉన్నాను. మూడు నెలలుగా డయాలసిస్ మీద ఉన్న మనిషి కాబట్టి ఊహించని వార్తేమీ కాదు. అయినా వచ్చిన బండి ఎక్కడం మర్చిపోయాను. తర్వాతి బండికి వెళ్లేసరికి మా ఆఫీసు మొత్తం వాళ్ల గుమ్మం ముందే ఉంది. జుమ్మా నమాజు అయ్యాక తీసుకెళ్లారు.

ఆపా అంటే ఉర్దూలో అక్క. ఖమ్మంలో మాది చిన్న ప్రచార సంస్థ. బట్టల షాపులు, బడులు, దవాఖానాలు మాకు పని ఇస్తాయి. వాళ్ల తరఫున జనానికి ఫోన్లు చేస్తాం, మెసేజీలు పంపుతాం, క్యాంపులు పెడితే పేర్లు రాసుకుంటాం. మా ఫోన్ల బల్ల దగ్గర పదకొండేళ్లు కూర్చున్నది ఆమే. సంస్థ నడిపే సార్‌తో సహా అందరికీ ఆపానే.

గొంతు ఎండిపోకుండా దవడలో ఒక లవంగం పెట్టుకునేది. హెడ్‌సెట్ చున్నీ మీదుగా ఒక చెవికే తగిలించేది. రెండో చెవి మా మాటల మీద ఉండేది. కొత్తగా చేరిన అమ్మాయిలకు, "ముందు పేరు పెట్టి పిలువు, తర్వాత పని చెప్పు" అని నేర్పేది. ఎవరైనా ఫోన్‌లో తిట్టారని ఏడిస్తే, "తిట్టనియ్యి బిడ్డా, వాళ్ల కోపం ఏడిదో మనకేం ఎరుక" అనేది. క్రిస్మస్‌కు మా ఇంటి నుంచి కేకు తెస్తే అందులో కిస్మిస్‌లు ఏరి తిని, మిగిలింది బాగుందని మెచ్చుకునేది. నాకు ఆమె పద్ధతి చాదస్తంగా అనిపించేది. ఒక్కో కాల్‌కు పది నిమిషాలు పడితే రోజుకు ఎన్ని కాల్స్ అవుతాయి? ఆ లెక్క సార్‌కు చెప్పుకోవాల్సింది నేను.

పాత సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పేరు పక్కన రిమార్కులని ఒక చిన్న గడి ఉండేది. అందరం అందులో 'ఎత్తలేదు', 'బిజీ' అని రాసి వదిలేసేవాళ్లం. ఆపా మాత్రం, 'సారపాక మిల్లులో బి షిఫ్టు, రెండు లోపు చేయాలి' అనీ, 'ఈయనకు చెవుడు, భార్యతో మాట్లాడాలి' అనీ, 'కోడలు కాన్పుకు ఉంది, ముందు అది అడగాలి' అనీ రాసేది.

పోయిన ఎండాకాలం సాఫ్ట్‌వేర్ మార్చాం. పాతది నత్తనడక నడుస్తోందని సార్ కొత్తది కొన్నాడు. పేర్లన్నీ పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి దించే బాధ్యత నాకు అప్పజెప్పాడు. నేను ఎగిరి గంతేశాను. ఎక్సెల్‌లో దించుకుని, తప్పులు దిద్ది, అదే ఫైలులో సేవ్ చేశాను. రిమార్కులకు కొత్తదాంట్లో గడి లేదు కాబట్టి వాటిని వదిలేశాను. చివర్లో కొత్త సాఫ్ట్‌వేర్, ఒకే నంబరుతో ఉన్న పేర్లను కలిపేయమంటారా అని అడిగింది. కలిపేయమన్నాను. జాబితా సన్నబడింది. ఇన్నాళ్ల చెత్త పోయిందని సార్ మెచ్చుకున్నాడు. ఆదివారం పాత కంపెనీ వాళ్లు మా లాగిన్ ఆపేశారు.

మంగళవారం మధ్యాహ్నం ఆపా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, అడవిల దుకాణం నంబరు మీద లక్ష్మయ్య ఒక్కడే ఉన్నడు. మిగిలినోళ్లు ఏరి?"

"డూప్లికేట్లు ఆపా. ఒకటే పేరు పదిసార్లు పడి ఉంటది. కలిపేసింది."

"కాదు బిడ్డా. వాళ్లు ముప్పై ఒక్కరు. క్యాంపుల నేనే ల్యాప్‌టాప్‌ల కొట్టిన."

అప్పుడు గానీ నాకు వెలగలేదు. భద్రాచలం దాటి అడవిలోకి పోతే ఒక ఊరుంది. అక్కడ సిగ్నల్ అందేది మిట్ట మీది కిరాణా కొట్టు దగ్గర ఒక్కచోటే. ఊళ్లో ఎవరు ఎక్కడ పేరు రాయించుకున్నా ఆ దుకాణదారు నంబరే ఇస్తారు. ఒక కంటి దవాఖానా భద్రాచలంలో పెట్టిన క్యాంపులో శుక్లాల ఆపరేషన్‌కు ఆ ఊరి వాళ్లు ముప్పై ఒక్క మంది తేలారు. గురువారం పొద్దున ఆరింటికి రోడ్డు మీదికి వ్యాను రావాలి. పేర్లు రాసింది మేమే కాబట్టి దవాఖానా దగ్గర ఉన్నదీ మేం పంపిన జాబితానే. నేను సోమవారం వాళ్లకు ఆ సన్నబడ్డ జాబితానే పంపాను. దాని ప్రకారం ఆ ఊరికి ఒక్క మంచం, వ్యానులో ఒక్క సీటు. ఈసారి తప్పితే మళ్లీ వానలు వెలిసి, వాగులు తగ్గాకే.

నాకు కళ్లనీళ్లు వచ్చేశాయి. ఆపా కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"తర్వాత ఏడుద్దువు. కాయితం తియ్యి."

దుకాణదారుకు ఫోన్ కలిపింది. డాక్టరు చీటీ ఉన్న వాళ్లందరినీ పిలవమంది.

"ఇప్పుడేడ దొరుకుతరమ్మా? బీడీల ఆకు, తునికాకు తెంపనీకి అడవిలకు పోయిన్రు."

"పొద్దుగూకేటాళ్లకు ఆకు కట్టలు ఇయ్యనీకి కల్లం కాడికి వస్తరు గదా అన్నా. అటునుంచి అటే నీ కాడికి తోలు. నేను ఈడనే కూసుంట."

కూర్చుంది. ఈలోపు దవాఖానాకు నా చేత ఫోన్ చేయించింది. నువ్వే చెప్పరాదా ఆపా అని బతిమాలితే, "తప్పు చేసినోళ్లే చెప్పాలె. పక్కన నేనుంట" అంది. అవతలి మేనేజరు నన్ను దులిపేశాడు. అంతా అయ్యాక, రాత్రి లోపు సరైన జాబితా ఇస్తే రెండో వ్యాను చూస్తానన్నాడు.

ఆరు దాటాక దుకాణం దగ్గర జనం చేరారు. ఫోన్ చేతులు మారడం మొదలైంది. పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఏ కన్ను. ఆపా స్పీకర్లో అడుగుతూ కాగితం మీద రాసింది, నేను టైపు చేశాను. కొందరు పలకగానే వాళ్ల పేరు తనే చెప్పేసింది. "నువ్వు భీమయ్యవు గదా, దగ్గు తగ్గిందా?" అంటే అవతల నవ్వులు. నేను పదిసార్లు పడి ఉంటుందన్న ఒక్క పేరు వెనక ఇంతమంది గొంతులు.

ముప్పై దగ్గర ఆగింది.

"ముత్తమ్మ రాలే" అంది ఆపా. "క్యాంపుల నా చెయ్యి ఇడువలే ఆ ముసలమ్మ. రెండు కండ్లు కానరావు."

"బిడ్డ ఇంటికి పోయిందమ్మా, వాగవతల ఊరికి" అన్నాడు దుకాణదారు.

"అయితే తోలుకరా అన్నా. నీకు పుణ్యం ఉంటది."

ముత్తమ్మ పేరు కూడా రాయించి జాబితా పంపించింది. బుధవారం పదింటికి దుకాణదారు ఫోన్ చేశాడు. ముత్తమ్మను మోటరు సైకిల్ మీద తీసుకొచ్చాడట. గురువారం రెండు వ్యాన్లు వెళ్లాయి. ముప్పై ఒక్క మందీ ఎక్కారు.

కొత్త సాఫ్ట్‌వేర్ ఒక నంబరుకు ఒక మనిషినే ఒప్పుకుంటుంది. కంపెనీ అయితే మాత్రం ఎంతమందినైనా రాయొచ్చట. అందుకని ఆ కిరాణా కొట్టును కంపెనీగా నమోదు చేశాం. ముత్తమ్మతో సహా ముప్పై ఒక్క మంది అందులో ఉద్యోగులు. ఇది చెబితే ఆపా దగ్గు వచ్చేదాకా నవ్వింది. రిమార్కుల కోసం సార్‌తో పోట్లాడి ఒక గడి పెట్టించాను. పోయినవాటిలో గుర్తున్నవన్నీ రెండు నెలలు కూర్చుని ఆపా మళ్లీ కొట్టింది.

వానలు పోయినంక ఆ ఊరికి పోదాం బిడ్డా అనేది. వానలు పోయేసరికి ఆమె కాళ్లు వాచాయి, తర్వాత దవాఖానాల చుట్టూ తిరగడమే సరిపోయింది. తీసుకెళ్లలేకపోయాను. ఆ బాధ నాకుంది.

శనివారం దుకాణదారుకు ఫోన్ చేసి ఆపా పోయిందని చెప్పాను. "సాయంత్రం చెయ్యి మేడం, అందరు ఉంటరు" అన్నాడు. చేశాను. ఒక్కొక్కరే ఫోన్ తీసుకున్నారు. పేరు చెప్పి, పక్కవాళ్లకు ఇచ్చారు. ముత్తమ్మ మాత్రం ఒకటి అడిగింది.

"ఆమె మొఖం ఎట్లుంటది బిడ్డా? క్యాంపుల చెయ్యి పట్టుకున్న గానీ నాకప్పుడు కండ్లు కానరాలే. ఇప్పుడు అన్నీ కానొస్తున్నయ్. ఆమెనే సూడలే."

కొత్త సాఫ్ట్‌వేర్ మా ఆఫీసులో పని చేసే ప్రతి మనిషి ఫోటో అడుగుతుంది. ఆపా ఫోటో తీసింది నేనే. 'చాల్తియ్, కాల్ వస్తున్నది' అని విసుక్కుంటున్నప్పటిది. లైన్లో ఉండగానే దాన్ని దుకాణదారు ఫోన్‌కు పంపాను. "వచ్చింది మేడం, సూపెడుతున్న" అన్నాడు. తర్వాత గొంతులు దూరమయ్యాయి. కోయ భాషలో ఎవరెవరో ఏదో అనుకుంటున్నారు.

"ముత్తమ్మా, మేడం లైన్ల ఉంది, ఇగ ఇటియ్యి" అంటున్నాడు దుకాణదారు. ఆమె ఇవ్వడం లేదు.