గాలి గుంజిన పైపు

మొన్న మంచిర్యాల బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి బీడీ వెలిగించాడు. తునికాకు కాలిన వాసన ముక్కుకు తగలగానే నా చూపు పొగ మీదికి పోయింది. అది తిన్నగా పైకి లేస్తోందా, ఎటైనా మళ్లుతోందా అని చూస్తూ ఉండిపోయాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "తాగుతవా?" అని కట్ట ముందుకు చాపాడు. నేను బీడీ తాగను. కానీ నా జేబులో ఎప్పుడూ ఒక కట్ట ఉంటుంది. దానికోసం నా భార్య నన్ను సాధించని రోజు లేదు. ఈ పిచ్చి నాకు అంటించినవాడు రాజలింగం కాక. విచిత్రమేమిటంటే ఆయనా బీడీ తాగేవాడు కాదు.

హుస్నాబాద్‌లో అంగడి బజారు చివర కాకకు రేకుల కార్ఖానా ఉండేది. కార్ఖానా అంటే ఏదో అనుకునేరు, ఒక పందిరి, ఒక కొలిమి, నలుగురం మనుషులం, అంతే. మోట బావులకు ఇనుప బొక్కెనలు చేసేవాళ్లం. ఎడ్లు ఏటవాలు దారిలో దిగుతూ తాడు గుంజుతుంటే బావిలోంచి నీళ్లతో పైకి వచ్చే పెద్ద బొక్కెన అది. నిజాం రోజుల్లో మొత్తం తోలుతోనే కుట్టేవారట. తోలు కుళ్లుతుంది, రేకు కుళ్లదని మా వైపు మొదట పట్టుకున్నవాడు కాకే. పెళ్లయిన ఏడాదే నేను ఆయన దగ్గర టంకం పెట్టే పనికి చేరాను.

బొక్కెన కావాలని ఎవరు వచ్చినా కాక ముందు వాళ్ల పొలానికి నడిచేవాడు. బావి కన్నా ముందు ఎడ్ల మెడలు తడిమి చూసేవాడు. "కొలత బాయికి కాదు సాంబా, ఎడ్లకు తియ్యాలె" అనేవాడు. బొక్కెన తయారయ్యాక దాని నిండా నీళ్లు పోసి దూలానికి వేలాడదీసి, కింద నేల మీద జల్లెడ పట్టిన బూడిద పరిచేవాళ్లం. పొద్దున వేలాడదీస్తే పొద్దుగూకే దాకా అట్లాగే ఉండాలి. బూడిదలో ఒక్క చుక్క మచ్చ పడినా టంకం కరిగించి మళ్లీ పెట్టాల్సిందే. బూడిద చూసే పని నాది. ఆ పని దొరికినందుకు నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

కాకకు మాత్రం కాలు ఒక్కచోట నిలిచేది కాదు. చాయ కూడా నిలబడే తాగేవాడు. కరీంనగర్ బస్సు హారన్ వినబడితే చేతిలో సుత్తె కింద పెట్టి బస్టాండుకు ఉరికేవాడు. చుట్టాల కోసం కాదు, బస్సు టాపు మీద ఏ సామాను వచ్చిందో చూడడానికి. ఒకసారి టాపు మీద అల్యూమినియం గిన్నెలు చూసి వచ్చాడు. ఆ వారమే రాగి బిందెలకు మాట్లు వేసే పని మానేశాడు. ఆయన బస్టాండు నుంచి వస్తుంటే చేతిలో పని ఆపి ఆయన ముఖం చూసేవాళ్లం. ఏ పని పోతుందో, ఏ కొత్త పని నెత్తిన పడుతుందో తెలిసేది కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయింది. ఒకరోజు అట్లాగే వచ్చి, "ఇగ మన బొక్కెన పనైపోయింది" అన్నాడు. "ఆయిల్ ఇంజను దిగింది. ఆరుగురు మోస్తుండ్రు."

"ఒక్క ఇంజను వస్తే ఏమైతది కాకా? ఇంకో పదేండ్లు బొక్కెన నడుస్తది" అన్నాను. ఇంట్లో నా భార్య నెలలు నిండి ఉంది, నా భయం నాది.

"నడుస్తది. పదేండ్లయినంక ఏం చేస్తవ్? అప్పుడు నేర్సుకుంటవా?"

ఇంజన్లు వస్తున్నాయి గానీ బావిలోంచి నీళ్లు గుంజే పైపులు దొరకడం లేదని ఆయన అప్పటికే విచారించి వచ్చాడు. రేకును తాటి మొద్దుకు చుట్టి, రివిట్లు కొట్టి, అతుకు పొడవునా టంకం పెట్టి పైపు చేద్దామన్నాడు. మిగతావాళ్లు సణిగారు. నెల తిరిగేసరికి పందిట్లో ఒక్క బొక్కెన తప్ప అన్నీ పైపు ముక్కలే.

మొదటి పైపు పక్క ఊరి కొమురయ్యది. ఇంజను కోసం ఆయన తన ఎడ్ల జతను అంగట్లో అమ్ముకున్నాడు. వరి పొట్టకొచ్చి ఉంది. పైపుకు రెండు వైపులా చెక్క బిరడాలు కొట్టి, నీళ్లు నింపి, కింద బూడిద పరిచాం. పొద్దుగూకే దాకా కాపలా కాసి, "బూడిద పొడిగనే ఉన్నది కాకా" అని చెప్పాను.

మర్నాడు బావి దగ్గర ఊరంతా పోగైంది. ఇంజను డుగుడుగుమంది. పైపు రెండుసార్లు దగ్గి, గుక్కెడు నీళ్లు కక్కి ఊరుకుంది. మళ్లీ నీళ్లు నింపి తిప్పారు. మళ్లీ అదే. కరీంనగర్ నుంచి ఇంజనుతో వచ్చిన ఫిట్టరు ఇంజను నడుస్తుండగానే బావి మెట్లు దిగి, నోట్లోని బీడీ తీసి పైపు అతుకు దగ్గర పెట్టాడు. పైకి పోవాల్సిన పొగ వంగి రివిట్ల సందులోకి పోయింది. నా కళ్ల ముందే పోయింది.

"పైపు గాలి గుంజుతుంది" అన్నాడు ఫిట్టరు. "నీళ్లు బయటికి కారుతయా అని చూస్తె సరిపోదు సేటూ, గాలి లోపలికి వస్తదా అని చూడాలె."

మేం బొక్కెనలు చేసే మనుషులం. నీళ్లు బయటికి రాకపోతే చాలనుకున్నాం.

కొమురయ్య భార్య లచ్చవ్వ ముందుకు వచ్చింది. "ఎడ్లను అమ్ముకున్నం. పొట్టకొచ్చిన వరి ఎండితె మేమేం తినాలె? గీ పైపును చూసింది ఎవలు?"

నేను తల వంచుకున్నాను.

"నేనే చూసిన అక్కా" అన్నాడు కాక. "పొద్దుగూకేలోపు నీళ్లు పారిస్త."

అన్నట్టే చేశాడు. పందిట్లో మిగిలిన ఆ ఒక్క బొక్కెనను బండి మీద వేయించుకుని, బావమరిది ఎడ్లను అడిగి తోలుకొచ్చాడు. కొమురయ్య బావికి గిరక ఇంకా ఊడదీయలేదు, అదృష్టం. యాభై దాటిన మనిషి తొమ్మిది రోజులు తానే మోట కొట్టాడు. కొమురయ్య సాయం వస్తానంటే కాలువ చూసుకోమన్నాడు. బొక్కెన పనైపోయిందని చాటినవాణ్ని చూడడానికి జనం గట్టు మీద కూర్చునేవారు. నవ్వేవాళ్లు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

మూడో రోజు నేను వెళ్లేసరికి ఆయన అరచేతులకు గుడ్డ పీలికలు చుట్టుకుని ఉన్నాడు. ఎడ్లను వెనక్కి నడిపిస్తూనే, "పైపును నీళ్ల తొట్టిలో ముంచి, కొలిమి తిత్తితోటి గాలి కొట్టుండ్రి. బుడగ ఎక్కడొస్తె అక్కడ టంకం" అన్నాడు. నేను కదల్లేదు.

"కాకా, బూడిద చూసింది నేను గదా. నీ పేరెందుకు చెప్పినవ్?"

ఎడ్లు దిగాయి, బొక్కెన పైకి వచ్చింది, నీళ్లు కాలువలో పడ్డాయి. అప్పుడన్నాడు. "నువ్వు మంచిగనే చూసినవ్. బూడిద చూడుమన్నది నేను. బొక్కెనను చూసినట్టు పైపును చూడుమన్న. తప్పెవలది?" నేను ఏదో అనబోయాను. "పో సాంబా, ఎడ్లు ఆగినయ్" అన్నాడు.

తొట్టిలో ముంచితే రివిట్ల వెంట బుడగలు బారులు తీరాయి. వారం పాటు రివిటుకు రివిటు సరిచేశాం. పదో రోజు పైపు మళ్లీ బిగించాక కాక ఫిట్టరు దగ్గర బీడీ అడిగి తీసుకుని, వెలిగించి, దగ్గి, కళ్లు తుడుచుకుని, ప్రతి రివిటు దగ్గరా దాన్ని పట్టుకున్నాడు. పొగ ఎక్కడా వంగలేదు. నీళ్లు వచ్చాయి. లచ్చవ్వ చల్ల ముంత ముందు కాకకే ఇచ్చింది. నాకు ఏడుపొచ్చింది. ఆ మనిషి మాత్రం దారిలో, "కరెంటు స్తంభాలు మనదిక్కు వస్తున్నయట సాంబా, ఇంజను ఎన్నేండ్లుంటదో" అని అప్పుడే పరేషాన్ కావడం మొదలుపెట్టాడు.

తర్వాత నేను మంచిర్యాలలో సొంతంగా కార్ఖానా పెట్టుకున్నాను. పైపులు పోయాయి. నస్పూర్ గని కార్మికులకు రేకు పెట్టెలు చేశాను, అవీ పోయాయి. నీళ్ల ట్యాంకులు వచ్చాయి. కాక లేడు, ఆయన కుదురులేనితనం మాత్రం నా కాళ్లలో మిగిలింది. ఒకసారి మేం చేసిన ట్యాంకు ఒక ఇంటి మీద అతుకు విచ్చి, నీళ్లన్నీ వాళ్ల బియ్యం బస్తాల మీదికి కారాయి. ఆ అతుకు చూసి బాగుందన్నది మా కార్ఖానాలో పనిచేసే పోశం. అతణ్ని వెంటబెట్టుకుని దారి పొడవునా తిడుతూనే పోయాను, అందరి ముందు పేరు చెప్పాలనే పోయాను. ఇంటాయన తడిసిన బస్తాలు చూపించి, "ఎవలు చూసిండ్రు దీన్ని?" అని అరిచాడు.

"నేనే చూసిన" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. తల వంచుకుని నిలబడ్డ పోశం తలెత్తి నన్ను చూశాడు. ఆనాడు బావిగడ్డ మీద నేను కాకను అట్లాగే చూసి ఉంటాను.