నాన్న పసుపు యార్డులో చెప్పిన మాట

పోయిన నెల విజయవాడ నుంచి రేపల్లె వస్తుంటే బస్సు దుగ్గిరాలలో ఆగింది. కిటికీలోంచి ఎండు పసుపు వాసన గుప్పున తగిలింది. కొమ్ములు గోతాలకెత్తేటప్పుడు లేచే ధూళి వాసన అది. కాస్త ఘాటుగా, కాస్త మట్టివాసనగా ఉంటుంది, గొంతులో పట్టుకుంటుంది. పక్క సీటులో ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం గట్టిగా పీల్చుకున్నాను. మా నాన్న చొక్కా ఎన్నిసార్లు ఉతికినా ఈ వాసన పోయేది కాదు. ఆయన పోయి ముప్పై ఏళ్లు కావస్తోంది. ముఖం గుర్తు తెచ్చుకోవడానికి ఈమధ్య ఫొటో తీసి చూడాల్సి వస్తోంది కానీ, ఈ వాసన తగిలితే చాలు, మనిషి వచ్చి పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

మా ఇల్లు తెనాలిలో. నాన్న రోజూ బస్సెక్కి దుగ్గిరాల పసుపు యార్డుకి వెళ్లేవాడు. ఒక కమీషన్ వ్యాపారి దగ్గర గుమాస్తా. పేరుకి గుమాస్తాయే గానీ ఆయన అసలు పని వేలం పాడించడం. రైతులు పోసిన రాశుల మధ్య నిలబడి కేకవేస్తే, యార్డు ఆ చివరన ఉన్నవాళ్లు కూడా తలెత్తి చూసేవారు. నాకు ఏడేళ్లప్పుడు ఒకసారి వెంట తీసుకెళ్లాడు. ఆ కేకకి దడుసుకుని నేను ఏడుపు లంకించుకుంటే, పని ఆపి, నా పక్కన చతికిలబడి కడుపుబ్బ నవ్వాడు. ఇంట్లోనూ ఆయన నోరు ఊరుకునేది కాదు. బస్సులో విన్న కబుర్లు, యార్డులో తగువులు, ఎవరి గొంతు వాళ్లకి పెట్టి చెబుతుంటే అమ్మా నేనూ అన్నం తినడం మరిచిపోయేవాళ్లం.

ఎనిమిదో తరగతిలో ఉండగా నాకు జ్వరం వచ్చింది. నెలన్నర మంచం దిగలేదు. ప్రాణం దక్కాలంటే ఇంజక్షన్లు తప్పవన్నారు. ప్రాణమైతే దక్కింది. లేచి కూర్చున్న రోజున అమ్మ చేతిలోంచి ఇత్తడి చెంబు జారి గచ్చు మీద పడింది. నీళ్లు చింది నా కాళ్ల మీద పడ్డాయి గానీ చప్పుడు రాలేదు. చెవులు పోయాయని నాకు తెలిసింది అప్పుడే.

నాన్న నమ్మలేదు. గట్టిగా పిలిస్తే వినపడుతుందనుకున్నాడో ఏమో, నా ముందు నిలబడి యార్డులో కేకవేసినట్టు నా పేరు పెట్టి కేకలేశాడు. మెడ నరాలు ఉబ్బడం, ఇరుగుపొరుగు వాళ్లు గుమ్మంలోకి రావడం కనిపించింది. నేను చెవులు మూసుకుని ఏడ్చాను. వినపడని చెవులు ఎందుకు మూసుకున్నానో ఇప్పటికీ తెలియదు. నాన్న చేతులు కిందికి జారాయి. ఆ రోజు తర్వాత ఆయన నా ఎదుట నోరు విప్పి కబుర్లు చెప్పలేదు.

స్కూల్లో నన్ను మాన్పించమన్నారు. ఇలాంటి పిల్లల బడి ఎక్కడో దూరంగా ఉందనీ, లేదంటే కుట్టుపని నేర్పించమనీ చెప్పారట. నాన్న హెడ్మాస్టరు గారి ఎదుట చాలాసేపు చేతులు కట్టుకుని నిలబడటం నేను చూశాను. ఏమన్నాడో ఆ సాయంత్రం అమ్మ పలక మీద రాసి చూపించింది: "ముందు బెంచీలో కూర్చోనివ్వండి సార్. మిగతాది నేను చూసుకుంటాను."

ఆ మిగతాది ఏమిటో రెండు రోజుల్లో తెలిసింది. మా సార్లు పాఠం చెప్పాక నోట్సు చదివి రాయించేవారు. అందరి తలలూ వంగేవి, నేనొక్కదాన్నే తలెత్తుకుని ఖాళీ పేజీతో కూర్చునేదాన్ని. నా పక్కన కూర్చునే ఎస్తేరు వాళ్లది అంగలకుదురు. తను పుస్తకం ఇస్తానంది కానీ, తనూ చదువుకోవాలి కదా. అందుకని నాన్న యార్డు నుంచి రాగానే సైకిలు మీద అంగలకుదురు వెళ్లి, వాళ్ల వసారాలో కూర్చుని, ఆ రోజు నోట్సంతా నా పుస్తకంలోకి ఎక్కించి తెచ్చేవాడు. ఆయన చదివింది ఐదో తరగతి. సైన్సు మాటలు బొమ్మలు గీసినట్టు గీసేవాడు. కిరణజన్య సంయోగక్రియ అని సరిగ్గా రాయడానికి ఆయనకి ఏడాది పట్టింది. నేను ఎర్ర పెన్సిలుతో తప్పులు దిద్దుతుంటే పక్కన కూర్చుని చూసేవాడు. అంతే. ఒక్క మాట ఉండేది కాదు.

మనుషుల పెదవులు చూసి మాట పట్టుకోవడం నేను నెమ్మదిగా నేర్చుకున్నాను. నాన్న మీసాల వల్ల ఆయన మాట పట్టుబడటం లేదని అమ్మతో అన్నాను. మర్నాడే మీసాలు తీయించుకుని వచ్చాడు. నాకెంత ఆశ కలిగిందో చెప్పలేను. భోజనాల దగ్గర ఆయన పెదవుల కేసే చూస్తూ కూర్చునేదాన్ని. "తిన్నావా." "పడుకో." "బస్సొస్తోంది." ఆ పెదవుల మీద నేను చదివినవి అవే. బజారులో కూడా నాకంటే నాలుగడుగులు ముందు నడిచేవాడు. నేనంటే సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

ఎనభై ఆరులో పదో తరగతి ఫలితాలొచ్చాయి. పేపర్లో ఫస్టుక్లాసు వరసలో నా నంబరుంది. అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. నాన్న నంబరు మీద వేలు పెట్టి రెండుసార్లు చూశాడు. పేపరు మడిచి చంకలో పెట్టుకుని బస్సుకి వెళ్లిపోయాడు. నేను వీధి గుమ్మంలో నిలబడి, మలుపు దాకా చూశాను. వెనక్కి తిరగలేదు.

ఆ తర్వాత బాపట్లలో ఐదేళ్లు కాలేజీ చదువు. హాస్టల్లో ఆడపిల్లలంతా గుంపుగా నవ్వుకుంటుంటే, ఏమిటని అడిగితే ఏం లేదనేవారు. మొత్తం చెప్పే ఓపిక ఎవరికుంటుంది. నెలకోసారి నాన్న రైల్లో వచ్చేవాడు. గేటు దగ్గర బల్ల మీద ఇద్దరం కూర్చునేవాళ్లం. చదువు సాగుతోందా అన్నట్టు చెయ్యి ఊపేవాడు, నేను తలూపేదాన్ని. ఇక రైలు టైము కోసం వాచీ చూసుకునేవాడు. ఒకసారి నాకు పట్టలేని కోపం వచ్చింది.

"నాన్నా, నేనంటే నీకు నామోషీనా?" అన్నాను.

ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు. వాచ్‌మన్ ఇటు తిరిగాడు. నాన్న తెచ్చిన జామకాయల సంచి నా ఒళ్లో పెట్టి, లేచి స్టేషను వైపు నడిచాడు. ఆయన్ని మళ్లీ ఆ మాట అడగలేదు.

నాకు రేపల్లెలో ప్రభుత్వ ఉద్యోగం వచ్చిన నాలుగో ఏడు నాన్న గుండెనొప్పితో పోయాడు. పెద్దకర్మ రోజున యార్డు నుంచి కోటయ్య అనే ముసలి హమాలీ వచ్చాడు. నా ఎదుట నిలబడి ఏదో చెప్పాడు. పళ్లు లేని ఆ నోట మాట నాకు పట్టుబడలేదు. పక్కనున్న ఎస్తేరు వింటూ కళ్లు తుడుచుకుంది. కర్మ కార్డు వెనక్కి తిప్పి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసిచ్చింది.

"నీ నంబరొచ్చిన రోజున మీ నాన్న పేపరు పట్టుకొచ్చాడమ్మా. వేలం పాట మొదలెట్టకుండా కాటా బల్లెక్కి, మా అమ్మాయి ఫస్టుక్లాసులో పాసయిందని మూడుసార్లు కేకేశాడు. ఇంట్లో చెప్పుకోవాల్సింది ఇక్కడెందుకండీ అని ఎవరో నవ్వారు. 'దానికి వినపడదయ్యా. మీరన్నా వినండి' అన్నాడు. నువ్వు ఏ పరీక్ష పాసయినా అంతే. నీ ఉద్యోగం సంగతీ అట్టాగే చెప్పాడు."

ఆ కార్డు నేను చాలాసార్లు చదువుకున్నాను. మొదట్లో సంతోషమే. తర్వాత కోపం. యార్డులో హమాలీలకీ, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన రైతులకీ తెలిసిన సంగతి నాకు ఇరవై ఆరేళ్లు వచ్చేదాకా తెలియలేదు. గొంతుతో తప్ప సంతోషాన్ని చెప్పడం తెలియని మనిషి ఆయన, ఆ గొంతు నా దాకా రాదు. కాగితం మీద రెండు ముక్కలు రాయొచ్చని ఆయనకి తోచలేదు. రాసివ్వమని అడగాలని నాకూ తోచలేదు.

కిందటేడాది మా ఆఫీసుకి ఒకాయన పదిహేనేళ్ల కూతుర్ని తీసుకుని సర్టిఫికెట్ కోసం వచ్చాడు. ఆ పిల్లది పుట్టు చెవుడు. పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. నాకూ వినపడదని తెలిశాక ఆయన పెదవులు విడదీసి నెమ్మదిగా చెప్పసాగాడు. ఇల్లిల్లూ తిరిగి ట్యూషను చెప్పేవాళ్లని వెతికిన సంగతి, పిల్ల ఒక్కర్తే కూర్చుని లెక్కలు చేసుకున్న సంగతి, వాళ్ల ఊళ్లో ఎవరికీ అన్ని మార్కులు రాని సంగతి. చెబుతుంటే ఆయన ముఖం వెలిగిపోతోంది. ఆ పిల్ల గోడకున్న క్యాలెండరు చూస్తూ కూర్చుంది.

"ఇదంతా అమ్మాయికి చెప్పారా?" అన్నాను.

"దానికి తెలుసండి."

"తెలియదండి."

కాగితం, పెన్ను ఆయన ముందుకి జరిపాను. ఆయన మూడు వరసలు రాసి కూతురికిచ్చాడు. ఆ పిల్ల చదివింది, మళ్లీ చదివింది. తండ్రి ముఖంలోకి చూసింది. కాగితం మడిచి జామెట్రీ బాక్సులో దాచుకుంది. వాళ్లు వెళ్లిపోయారు. సంతోషించాల్సిన చోట నాకు కలిగింది అసూయ. ఈ వయసులో, ఆ చిన్నపిల్ల మీద. సిగ్గనిపించింది గానీ, ఆ అసూయ ఇంకా పోలేదు.