భీమన్న చేసిన చప్పుడులేని గన్ను

భీమన్నను వెనక నుంచి పిలిస్తే పలకడు. మొదటిసారి నాకు ఒళ్ళు మండింది. ఒమన్‌లో మేముండే అల్ మవాలే నుంచి మా ఆఫీసు వాళ్ళం అప్పుడప్పుడు శుక్రవారం పూట బర్కా వెళ్ళి, ఖర్జూరపు తోట పక్కనున్న మైదానంలో పెయింట్‌బాల్ ఆడతాం. గ్యాసుతో రంగు గుళికలు పేల్చే గన్నులు మాకు అందించేది, ఆట అయ్యాక విప్పి, తుడిచి, బాగుచేసేది భీమన్నే. తెలుగువాడు కదా అని ఆప్యాయంగా మూడుసార్లు పిలిచాను. తిరిగి కూడా చూడలేదు. ఇంత పొగరేమిటి ఈ మనిషికి అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

అతని సంగతులు నాకు తర్వాత తెలిశాయి. అతనిది సిరిసిల్ల. ఒమన్ రాకముందు పద్దెనిమిదేళ్ళు సాంచాల మీద పనిచేశాడు. సాంచాలంటే మరమగ్గాలు. ఒక షెడ్డులో ముప్పై సాంచాలు ఆడుతుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. ఆ మోతకే భీమన్న చెవులు సగానికి పైగా పోయాయి. ఇంటికి ఎప్పుడూ వీడియో కాలే చేస్తాడు. భార్య యాదవ్వ పెదాలు కనబడితేనే మాట అందుతుంది. ఈ సంగతి రూమ్‌లో ఉండే ఖాదర్‌వలికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెవుడని తెలిస్తే టికెట్ కొట్టి ఇంటికి పంపేస్తారని భయం.

మైదానం యజమాని తారిఖ్. అతని కూతురు సిద్రాకు పదేళ్ళు. పుట్టినప్పటి నుంచి వినికిడి తక్కువ, రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటుంది. పోయినేడు ఈద్‌కు చిన్నాన్న పిల్లలతో కలిసి ఆడబోయింది. గన్ను చెంపకు ఆనించి మీట నొక్కగానే లోపలి ఇనుప సుత్తి వెళ్ళి ఖటక్‌మని కొట్టింది. మనకది చిన్న చప్పుడు. ఆ పిల్ల చెవి మిషన్లోకి అది పిడుగులా దిగింది. గన్ను పడేసి కార్లో కూర్చుని ఏడ్చింది. పోనీ మిషన్లు తీసేసి ఆడమంటే ఒప్పుకోలేదు. తనవాళ్ళు ఏమని అరుస్తున్నారో తెలియకుండా ఆ మైదానం మధ్య నిలబడటం దానికి ఇంకా భయం.

ఈ ఏడాది ఈద్‌కు వారం ముందు తారిఖ్ ఒక గన్ను తెచ్చి భీమన్న చేతిలో పెట్టాడు. గ్యాసు చప్పుడుతో ఇబ్బంది లేదు, లోపలి ఇనుము చప్పుడు తగ్గించమన్నాడు. “ఈసారి సిద్రా ఆడాలి” అని హిందీలో రెండుసార్లు చెప్పాడు. భీమన్న అతని పెదాలు చూసి తలూపాడు. చప్పుడు తగ్గించే పని వెతుక్కుంటూ వెళ్ళి చెవులు లేనివాడి చేతిలోనే పడింది.

డ్యూటీ అయ్యాక గన్నును రూమ్‌కు తెచ్చుకున్నాడు. ఖాదర్‌వలి కడప మనిషి, తోటలకు నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు.

“అన్నా, నేను కొడ్తా ఉంట. నువ్వు ఇని చెప్పాలె” అన్నాడు భీమన్న.

“నాకు పనీపాటా ల్యాదనుకున్యావా?” అంటూనే ఖాదర్‌వలి మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

సాంచాలో దారం మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే నాడె వచ్చి కొట్టుకునే చోట తోలు ముక్క పెడితే మోత తగ్గుతుంది. భీమన్నకు తెలిసిన విద్య అదే. పాత తోలు చెప్పులోంచి బిళ్ళంత ముక్క కోసి, సుత్తి వెళ్ళి తగిలే చోట అమర్చాడు. ముక్క మందమై గుళిక మూరెడు దూరం కూడా పోలేదు. పల్చగా చెక్కి మళ్ళీ పెట్టాడు. వదులైన మరలు బిగించాడు. పిడిలో గలగలలాడే రేకు కింద సైకిల్ ట్యూబు ముక్క దూర్చాడు. ఒక్కో మార్పుకూ ఒక దెబ్బ గోడకు ఆనించిన దుప్పటి మీదికి, ఒక తీర్పు ఖాదర్‌వలి నుంచి. మూడు సాయంత్రాలు ఇదే పని. చివరికి స్ప్రింగు గీసుకునే చప్పుడు ఒక్కటే మిగిలింది.

గన్నుకు వేసే నూనె మైదానంలో ఉండిపోయింది. రూమ్‌లో ఉన్నది కొబ్బరినూనె సీసా. భీమన్న అదే తీసి లోపలంతా పట్టించాడు.

“తలకు పెట్టుకునేది దానికి పెడతాండావేందిప్పా?”

“నున్నగైతది తియ్యన్నా.”

నిజంగానే నున్నగయింది. “ఇప్పుడు నా గడియారమే ఎక్కువ సద్దు చేస్తాంది” అన్నాడు ఖాదర్‌వలి. ఆ మాట భీమన్న రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఈద్ రెండో రోజు సెలవులని మా పిల్లల్ని తీసుకుని నేనూ అక్కడికి వెళ్ళాను. సిద్రా ముసుగు తొడుక్కుని, గన్ను చెంపకు ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని మీట నొక్కింది. కళ్ళు తెరిచి తండ్రి వైపు చూసి నవ్వింది. తర్వాత పట్టపగ్గాలు లేవు, గబగబా కాల్చడమే. ముప్పై గుళికలు పోయాయో లేదో గన్ను బిగుసుకుపోయింది.

భీమన్న విప్పి చూస్తే లోపల తెల్లగా పేరుకున్న నూనె. గ్యాసు గన్ను ఆపకుండా కాలిస్తే దాని ఒళ్ళు చల్లబడుతుంది, కొబ్బరినూనె గడ్డకట్టింది. చలికాలం పొద్దున్నే సీసాను ఎండలో పెట్టే జాతి మనది, ఎవరికి తెలియదు? కానీ ఒమన్ ఎండలో కూడా అది పేరుకుంటుందని ఎవరనుకుంటారు? గుడ్డతో తుడిచి, ఉన్న నాలుగు చుక్కల గన్ను నూనె వేసి ఇచ్చాడు. స్ప్రింగు చప్పుడు తిరిగొచ్చింది. తోలు ముక్క కూడా ఎప్పుడు జారిందో, ఖటక్‌మనడమూ తిరిగొచ్చింది. సిద్రా ఉలిక్కిపడి, గన్ను కింద పెట్టి, కారు వైపు నడిచింది.

భీమన్న పరుగెత్తి వెళ్ళి ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తన చెవులు చూపించి, ఏమీ లేదన్నట్టు చెయ్యి తిప్పాడు. సిద్రా ఆగింది. అప్పుడు సాంచాల షెడ్డులో పద్దెనిమిదేళ్ళు మాట్లాడిన భాష బయటికి తీశాడు. పిడికిలి బిగిస్తే, ఆపు. అరచేయి కిందికి వంచితే, వంగు. రెండు వేళ్ళు ఒకదానికొకటి రాస్తే, దారం తెగింది, నా దగ్గరికి రా. తారిఖ్ పక్కన నిలబడి ఒక్కొక్కటీ అరబ్బీలో చెప్పాడు. చిన్నాన్న పిల్లలు కూడా చేరారు. పావుగంటలో ఐదుగురికీ వచ్చేసింది. సిద్రా చెవి మిషన్లు తీసి తండ్రి అరచేతిలో పెట్టి ముసుగు వేసుకుంది. గన్ను ఖటక్‌మంటూనే ఉంది, ఇప్పుడు ఆ పిల్లకు దానితో పనిలేదు.

“ఇవన్నీ నీకెలా తెలుసు?” అని అడిగాడు తారిఖ్.

భీమన్న లేచి నిలబడ్డాడు. “నాకు ఇనవడది అర్బాబ్. అచ్చినప్పటి సంది ఇనవడది. భయపడి చెప్పలే” అని తన హిందీలో చెప్పి తల దించుకున్నాడు. తల దించితే యజమాని ఏమంటాడో తెలియదు. తెలుసుకునే ధైర్యం కూడా అతనికి లేదు.

తారిఖ్ అతని భుజం మీద చెయ్యి వేసి, భీమన్న తలెత్తేదాకా ఆగాడు. తర్వాత పెదాలు బాగా కనబడేలా, నెమ్మదిగా అన్నాడు. “ఐదేళ్ళుగా వెనక నుంచి పిలిచి, పలకలేదని తిట్టుకుంటున్నాను. ఇకమీద ముందుకొచ్చి పిలుస్తాను.”

భీమన్న కళ్ళు తుడుచుకునేలోపే మైదానం అవతల, ఆటలో చాటు కోసం పెట్టిన డ్రమ్ముల వెనక నుంచి ఒక చిన్న చెయ్యి పైకి లేచి రెండు వేళ్ళు రాసింది. గన్ను మళ్ళీ బిగుసుకుందేమో. భీమన్న ఒక్క పిలుపుకే పరుగెత్తాడు.